మల్లెకు కత్తెర ఎప్పుడు?

"పచ్చని కొమ్మను కోయడానికి చెయ్యి రాదు అయ్యగారూ" అని మా చిత్తూరు పల్లెల్లో తల్లులు అంటుంటారు. కోయకుంటే మల్లెచెట్టు ఏటేటా గుబురవుతుంది, పూలు మాత్రం తగ్గిపోతాయి. ఎందుకనగా మల్లె కొత్త చిగుళ్ల చివరనే మొగ్గ తొడుగుతుంది.

అయితే కోతకు కాలమున్నది. మా సంఘములో విధవరాలైన ఒక తల్లి నాలుగు మల్లెచెట్ల పూలను మూరలు కట్టి అమ్ముకొనేది. సాయం చేయబోయి ఒక మార్చి నెలలో వాటిని కత్తిరించాను. మొగ్గలన్నీ కొమ్మలతోనే రాలిపోయినవి. ఆ వేసవి ఆరంభంలో ఆమెకు పూల రాబడి లేకపోయింది. "కోయడం తప్పు కాదయ్యా, కాలమే తప్పు" అన్నదామె.

ఆమె వద్దనే నేర్చుకొన్నాను. నవంబరు చివరి నుండి జనవరి మొదటి వారాలలోపు, వాన తెరిపి ఇచ్చినప్పుడు కోయాలి. ముందు కొన్నాళ్లు నీరు ఆపాలి. ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానిపై ఒకటి పెనవేసుకొన్నవి మొదట తీసివేయాలి. మిగిలిన కొమ్మలను నేల నుండి ఒకటిన్నర అడుగు ఎత్తున, పదునైన కత్తెరతో కోసి, ఆకు దూయాలి. పాదు తవ్వి, చెట్టుకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి.

మరుసటి డిసెంబరులో ఆమె దగ్గరుండి చెప్పగా ఆ నాలుగు చెట్లనూ మళ్లీ కత్తిరించాను. వేసవి రాగానే మొదటి మూర మా ఇంటికే పంపింది.