గ్రాఫ్ గీసేది ఒకటి, చూపేది ఒకటి

"అన్నా, గ్రాఫ్ వస్తలేదే." సిరొంచలో ఓ డిగ్రీ కుర్రాడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. వానాకాలమంతా ప్రాణహిత నీటిమట్టాలను వార్తల్లోంచి ఏరి పట్టికగా రాసుకున్నాడు. ఉబుంటు మీద, ఫోన్ హాట్‌స్పాట్‌తో, పిప్ ద్వారా పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ దింపుకున్నాడు. ప్రోగ్రామ్ సాఫీగానే నడిచింది. ఈ కాన్వాస్‌ను తెర మీద చూపలేనంటూ ఒక్క హెచ్చరిక వచ్చింది, అంతే. రెండుసార్లు తీసేసి మళ్ళీ వేశాడట!

తప్పు వాడిది కాదు. గీత గీయడం ఒక పని, దాన్ని విండోలో చూపడం మరో పని. చూపడానికి టీకే, క్యూటీ, జీటీకే లాంటి టూల్‌కిట్ కావాలి. బర్కిలీలో జాన్ ఔస్టర్‌హౌట్ తయారుచేసిన టీకే 1991లో వచ్చింది, పైథాన్ మొదటి విడుదల కూడా ఆ ఏడాదే. ఆ టీకేని పైథాన్‌కి కలిపే టికింటర్ పైథాన్‌లో భాగమే అయినా, ఉబుంటు దాన్ని విడి ప్యాకేజీగా ఉంచుతుంది. పిప్‌కి అది అందదు.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను మొదలుపెట్టిన జాన్ హంటర్ మూర్ఛరోగుల మెదడు సంకేతాలపై పనిచేసేవాడు. వాళ్ళ ల్యాబ్‌లో ఆ సంకేతాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఒక్కటే. దాని తాళంచెవి లాంటి డాంగిల్ కోసం అందరూ వంతులు వేసుకునేవారు. ఆ ఇబ్బందిలోంచి పుట్టిన పనిముట్టు మొదట జీటీకే మీదే నడిచింది. తర్వాత గీసే భాగాన్ని చూపే భాగం నుంచి విడదీశారు. ఆగ్ అనే బ్యాకెండ్ తెర లేకుండానే, విండో లేకుండానే చుక్కచుక్కగా బొమ్మను మెమరీలో గీసేస్తుంది. నాకు ఈ పనిముట్టులో అన్నిటికన్నా నచ్చేది ఈ విడదీతే. 2018 నాటి 3.0 వెర్షన్ నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ మెషీన్లో ఏ టూల్‌కిట్ ఉందో తనే వెతుక్కుంటుంది, ఏదీ లేకపోతే ఆగ్‌తో సర్దుకుంటుంది. హంటర్ ఆ వెర్షన్ చూడలేదు, 2012లో క్యాన్సర్‌తో పోయాడు.

టూల్‌కిట్‌ను తప్పనిసరి చేసి ఉంటే? క్యూటీ ఒక్కటే పదుల ఎంబీలు. సిగ్నల్ ఒక గీత దగ్గర వచ్చిపోయే చోట, బొమ్మను ఫైల్లో దాచుకుంటే చాలనుకునే మనిషికి అది అనవసరపు బరువు.

"విండో కావాల్నంటే ఆప్ట్‌తో పైథాన్3-టీకే వేసుకో. బొమ్మ చాలంటే, షో ఉన్నకాడ సేవ్‌ఫిగ్ రాయి" అన్నాను.

రెండోదే రాశాడు. ఫోల్డర్లో పీఎన్‌జీ ఫైలు ప్రత్యక్షమైంది. జూలై దగ్గర గీత నిటారుగా లేచి, మెల్లగా దిగింది. దాన్ని వెంటనే అంకీసాలో ఉన్న వాళ్ళ బాబాయికి వాట్సాప్ చేశాడు.