ఇంజన్ దిమ్మ ఎంపిక

అమెరికా మోటారు వాహనాల చరిత్రలో 1964 నుండి 1970ల ఆరంభం వరకు గల కాలాన్ని 'మజిల్ కార్ల' యుగమంటారు. మధ్యతరగతి యువకుడు కొనగలిగిన ధరలో, ఓ మోస్తరు కారులో, మిక్కిలి శక్తిమంతమైన ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను అమర్చడం వాటి ప్రత్యేకత. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. ఈ వరవడికి ఆద్యమని సాధారణంగా చెబుతారు. బీమా రుసుములు, పొగపై ఆంక్షలు, 1973 నాటి చమురు సంక్షోభం వాటి ప్రాభవాన్ని హరించాయి. అయినా తుప్పుపట్టిన పాత కారును తెచ్చి పునర్నిర్మించుకొనే ఔత్సాహికులు నేటికీ అక్కడ ఉన్నారు. వారికి ఎదురయ్యే చిక్కు ప్రశ్న ఇంజన్ బ్లాక్ ఎంపిక.

బ్లాక్ అనగా ఇంజన్‌కు ఆధారమైన పోత ఇనుప దిమ్మ. పిస్టన్లు కదలాడే సిలిండర్లు, నీరు ప్రవహించే అరలు, నూనె దారులు, క్రాంక్ షాఫ్ట్‌ను మోసే పీఠాలు అన్నీ దానిలోనే ఉంటాయి. పిస్టన్ అరిగితే మార్చవచ్చు. దిమ్మలో కోసివేసిన లోహం మాత్రం తిరిగి రాదు. స్లీవు దిగగొట్టి ఒకటి రెండు సిలిండర్లను కాపాడవచ్చు గాని, అది చికిత్సే తప్ప ఆరోగ్యం కాదు.

1969 నాటి షెవర్లే కమారోను ఉదాహరణగా తీసుకొందాం. దానిలో వాడిన ఇంజన్లలో 350 ఘనపు అంగుళాలది ప్రసిద్ధం. దాని సిలిండర్ వ్యాసం 4 అంగుళాలు. పిస్టన్ నడిచే దూరం 3.48 అంగుళాలు. ఏళ్ల తరబడి నడిచాక సిలిండర్ గోడలు అరుగుతాయి. మన మెకానిక్కులు 'ఇంజన్ బోరుకొచ్చింది' అనే స్థితి ఇదే. అప్పుడు వ్యాసాన్ని 0.030 అంగుళం పెంచి కొత్త పిస్టన్లు వేస్తారు. ఘనపరిమాణం 355కు చేరుతుంది. లాభం అయిదే, గోడ మాత్రం శాశ్వతంగా పలుచనవుతుంది.

అసలు ప్రమాదం కంటికి కనబడదు. పోతపోసేటప్పుడు నీటి అరల కోసం మూసలో ఇసుక దిమ్మెలను నిలుపుతారు. అవి కొద్దిగా జరిగినా సిలిండర్ గోడ ఒకవైపు దళసరిగా, మరొకవైపు పలుచగా ఏర్పడుతుంది. పలుచని గోడ ఒత్తిడికి వంకరపోతుంది; రింగులు సరిగా అంటవు; కడకు పగులుతుంది. కావున కొనేముందు అతిధ్వని పరికరంతో ప్రతి గోడ మందాన్ని కొలిపించాలి. శీతల ప్రాంతాల నుండి వచ్చిన దిమ్మలలో నీరు గడ్డకట్టి పగుళ్లు పడి ఉండవచ్చు. అయస్కాంతాన్ని, ఇనుప రజనును వాడి వాటిని వెదకుతారు.

క్రాంక్ షాఫ్ట్ పీఠాన్ని రెండు బోల్టులతో బిగించిన దిమ్మలు, నాలుగింటితో బిగించినవి అని రెండు రకాలున్నాయి. నాలుగు బోల్టులదంటే కొందరికి అదొక బిరుదు! పందేలకు అది అవసరమే. వీధిలో మితంగా నడిపే కారుకు రెండు చాలు. 3970010 అనే పోత సంఖ్య రెండు రకాలపైనా ఉంటుంది. నూనె తొట్టి విప్పితే గాని నిజం తేలదు.

ఇక విలువ సంగతి. 1969 కమారో దిమ్మపై ఆ కారు గుర్తింపు సంఖ్యలోని కొంత భాగాన్ని కర్మాగారంలోనే ముద్రించారు. రెండూ సరిపోలితే కారు వెల ఎంతో పెరుగుతుంది. అందుకే సంఖ్యలను చెరిపి కొత్తగా ముద్రించే మోసగాళ్లూ ఉన్నారు. దిమ్మ పోతపోసిన తేదీ కారు తయారీ తేదీ కంటే ముందుండాలన్నది తొలి పరీక్ష.

సొంత దిమ్మ దొరికిన యజమాని దానిని పందేల కోసం కోయడం నా దృష్టిలో అవివేకం. అధికశక్తి కావాలంటే మందపాటి గోడలతో కొత్తగా పోతపోసిన దిమ్మలు లభిస్తాయి. ధర ఎక్కువే. కాని వాటిని కారులో బిగించి, పుట్టు దిమ్మకు నూనె పూసి, తేమ తగలకుండా చుట్టి షెడ్డులో ఒక మూల భద్రపరచవచ్చు. కారును అమ్మే రోజున కొనేవాడు ముందుగా అడిగేది దానినే.