వాచ్ "నార్మల్" అంటే గుండె నార్మలేనా?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

మాది పటాన్‌చెరు. నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు, బీపీ ఉంది. జాబ్‌లో ఉన్నప్పుడు నా బోనస్ డబ్బులతో ఆయనకి ఈసీజీ ఉన్న స్మార్ట్‌వాచ్ కొన్నా. ఒక రోజు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఛాతి బరువుగా ఉందన్నారు. ఒళ్లంతా చెమటలు. వెంటనే వాచ్‌లో ఈసీజీ తీయించా. 30 సెకన్లు. "నార్మల్" అని వచ్చింది.

"చూసినవా బిడ్డా, గ్యాసే అయ్యుంటది" అని పడుకోబోయారు. నేనూ సరే అన్నా. బీటెక్ చదివిన నేను! అమ్మ మాత్రం "ఆ గడియారం ఏమన్న డాక్టరా?" అని ఆటో పిలిచింది. హాస్పిటల్ ఈసీజీలో గుండెపోటు అని తేలింది. అదే రోజు స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు.

మరి వాచ్ అబద్ధం చెప్పిందా? లేదు. దానికి తెలియని విషయం నేను దాన్ని అడిగా.

హాస్పిటల్‌లో ఒంటి మీద 10 చోట్ల ఎలక్ట్రోడ్లు పెట్టి, గుండెని 12 కోణాల నుంచి చూస్తారు. వాచ్‌కి దొరికేది ఒక మణికట్టు, రెండో చేతి వేలు. అంటే ఒకే కోణం. ఫ్యాక్టరీ మొత్తానికి గేటు దగ్గర ఒక్క సీసీ కెమెరా పెట్టినట్టు. వెనక షెడ్డులో మంట లేస్తే దానికేం కనిపిస్తుంది? వాచ్ ముఖ్యంగా వెతికేది గుండె లయ తప్పిందా అని. రక్తనాళం మూసుకుపోయినా లయ మామూలుగానే ఉండొచ్చు. తన వాచ్ గుండెపోటుని గుర్తించలేదని యాపిల్ కంపెనీయే స్పష్టంగా చెబుతుంది.

వాచ్ వెనక మెరిసే గ్రీన్ లైట్ వేరే పని చేస్తుంది. రక్తం ఆ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తిరిగొచ్చే వెలుగు కాస్త మారుతుంది, దాంతో పల్స్ లెక్కేస్తుంది. ఆక్సిజన్‌కి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగులు వాడతారు. స్ట్రాప్ లూజుగా ఉన్నా, చెయ్యి కదిలినా లెక్క తప్పుతుంది.

మరి పేషెంట్‌ని ఇంట్లోనే 24 గంటలూ గమనించాలంటే? ఛాతికి అంటించే ఈసీజీ ప్యాచ్‌లు ఉన్నాయి. చిన్న లెక్క చూద్దాం. సెకనుకి 250 రీడింగులు, ఒక్కోటి 2 బైట్లు అనుకుంటే రోజుకి సుమారు 43 ఎంబీ. మన ఫోన్‌కి ఇదేం ఎక్కువ కాదు. కానీ గోరంత బ్యాటరీ ఉన్న ప్యాచ్ అదంతా బ్లూటూత్‌లో పంపుతూనే ఉంటే ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. అందుకే ప్యాచ్‌లోని చిప్పే ఈసీజీని చదివి, తేడా ఉంటేనే అలర్ట్ పంపేలా చేయాలి. మన సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ అమిత్ ఆచార్య బృందం ఇలాంటి తక్కువ పవర్ చిప్‌ల మీద పని చేసింది. 2020లో కోవిడ్ టైమ్‌లో అక్కడి స్టార్టప్ ఏరోబయోసిస్ మొబైల్ యాప్‌తో నడిపే "జీవన్ లైట్" వెంటిలేటర్ తయారు చేసింది.

అయితే ఎంత మంచి సెన్సర్ ఉన్నా చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది. రాత్రి 2 గంటలకి అలర్ట్ వస్తే చూసేదెవరు? అవతల నర్సో డాక్టరో లేకపోతే అది ఇంకో నోటిఫికేషన్, అంతే. కొనే ముందు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇక ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి. వాచ్ "తేడా ఉంది" అంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "నార్మల్" అన్నా సరే ఛాతి బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం ఉంటే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకి మీరు వాచ్ కొనిచ్చి ఉంటే, ఈ రూల్ కూడా ఈ రోజే చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!