మంటను మోసే మూడు ఫైళ్లు

ఏప్రిల్ దాటి వానలు తగ్గాయంటే డార్విన్ చుట్టుపక్కల నిలువెత్తు గడ్డి ఎండిపోవడం మొదలవుతుంది. మళ్లీ చినుకు పడేదాకా ఉత్తర ఆస్ట్రేలియా సవన్నాల్లో ఎక్కడో ఒకచోట మంట రగులుతూనే ఉంటుంది. ఆ మంటల ఆచూకీ పటం మీద పెట్టే వెబ్‌సైటు నాఫీ. డార్విన్‌లోని చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది.

అక్కడ ఒకే మంటకు మూడు వేషాలు. ఉపగ్రహం వేడిని పసిగట్టగానే పడేది ఒక చుక్క: అక్షాంశం, రేఖాంశం, సమయం, అంతే. ఉపగ్రహంలోని మోడిస్ పరికరం వేడిని చూసే గడి సుమారు కిలోమీటరు వెడల్పు. చుక్క ఆ గడి మధ్యలో పడుతుంది, మంట మాత్రం గడిలో ఏ మూలనైనా ఉండొచ్చు. ఆరిన తర్వాత మిగిలిన మచ్చను 250 మీటర్ల గళ్లుగా నింపితే అది రాస్టర్. గళ్ల నోటుపుస్తకంలో రంగులేసినట్టు, ఏ నెలలో కాలిందో ఆ నెల అంకె గడిలో కూర్చుంటుంది. ఒక్కో గడి 6.25 హెక్టార్లు. అదే మచ్చ చుట్టూ గీత గీసి మూసేస్తే పాలిగాన్. దాన్ని మోసుకొచ్చేదే మన కథానాయకుడు, షేప్‌ఫైల్.

ఇది 1990ల తొలి సగంలో కాలిఫోర్నియాలోని ఎస్రి కంపెనీ ఆర్క్‌వ్యూ అనే పటాల సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది. అంతకుముందు ఎస్రి వాడిన ‘కవరేజ్’ ఫార్మాట్ పద్ధతిగల మనిషి: రెండు పొలాల మధ్య గట్టును ఒక్కసారే రాసుకుని, అటు ఎవరు ఇటు ఎవరు అని గుర్తుపెట్టుకునేది. షేప్‌ఫైల్‌కు అంత ఓపిక లేదు. ఏ పొలం గీత ఆ పొలానిదే, గట్టు రెండుసార్లు పడుతుంది. చుట్టరికాలు వెతికే పని తప్పింది కాబట్టి తెరమీద బొమ్మ చకచకా వచ్చేది. పేరుకు ఒక ఫైలే గానీ కనీసం మూడు ఉండాలి: ఆకారాలకు ఒకటి, వాటి సూచికకు ఒకటి, వివరాల పట్టికకు ఒకటి. పట్టికను డీబేస్ అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నుంచి అరువు తెచ్చుకున్నారు. దాంతో దాని ఇరుకూ వచ్చింది. కాలమ్ పేరు 10 బైట్లు దాటకూడదు. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి ‘ఊరు’ పడుతుంది, ‘గ్రామం’ పట్టదు!

1998 జులైలో ఎస్రి దీని లోపలి కట్టడాన్ని బహిరంగంగా ప్రచురించింది. నా లెక్కలో షేప్‌ఫైల్‌కు దీర్ఘాయుష్షు పోసింది ఆ పత్రమే. చదవడం, రాయడం ఎవరైనా నేర్చుకోగలిగారు.

అయితే ఆస్ట్రేలియాలో ఒక చిక్కుంది. ఆ ఖండం ఏటా సుమారు 7 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. అందుకే అక్షాంశ రేఖాంశాలకు 1994 నాటి కొలమానం జీడీఏ94కూ, కొత్తదైన జీడీఏ2020కీ మధ్య తేడా దాదాపు 1.8 మీటర్లు. అంకెలు ఏ కొలమానానివో చెప్పేది నాలుగో ఫైలు, అది తప్పనిసరి కాదు. అది ఎక్కడో జారిపోతే ఇక ఊహే గతి. 250 మీటర్ల గడిలో కొలిచే మంటకు ఈ తేడా లెక్కలోకి రాదు; భూమిలో పాతిన గొట్టం కోసం తవ్వేవాడికి వస్తుంది.

తర్వాత వారసులొచ్చారు. 2014లో జియోప్యాకేజ్ అన్నిటినీ ఒకే ఫైల్లో సర్దింది. 2016లో ప్రమాణమైన జియోజేసన్ వెబ్‌కు అనువు, కానీ రేఖాంశమే ముందు రాయాలి. హైదరాబాద్ అంకెలు తారుమారు చేస్తే ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతాం. డార్విన్‌కు ఆ ప్రమాదం లేదు: దాని రేఖాంశం 130 దాటింది, అక్షాంశం 90 మించదు కనుక సాఫ్ట్‌వేర్ అక్కడే పట్టేస్తుంది.

ఇంతకీ ఈ గళ్లూ గీతలూ డబ్బుతో ముడిపడ్డాయి. ఉత్తర ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆదివాసీ రేంజర్లు వానల్లేని కాలం మొదట్లోనే చిన్న చిన్న మంటలు పెట్టి, తర్వాత వచ్చే పెనుమంటలకు మేత లేకుండా చేస్తారు. అలా తగ్గే ఉద్గారాలు ఏటా 1,00,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం కావాలన్న లక్ష్యంతో, 2006లో మొదలైన పథకానికి తన ఉద్గారాలకు బదులుగా డార్విన్ గ్యాస్ ప్లాంటు డబ్బు కట్టింది. కార్బన్ లెక్కలో జులై 31 దాకా కాలినది ముందస్తు మంట, ఆగస్టు 1 నుంచి కాలినది ఆలస్యపు మంట. అందుకే ఏ రేంజర్ బృందమైనా కార్బన్ క్రెడిట్ల దరఖాస్తుకు ముందు చూసుకునేది గడిలోని నెల అంకెనే: 7 ఉందా, 8 ఉందా అని.