కొండవారి కడలి

సముద్రము నెచ్చట జూచితిరని తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారి నడిగినచో పెక్కుమంది చెన్నపట్టణపు మెరీనా పేరే చెప్పుదురు. చల్లదనమునకు హార్సిలీకొండ, జలపాతమునకు తలకోన, సముద్రమునకు చెన్నపట్టణము: ఇవి మనవారికి తరతరములుగా నలవడిన విహారయాత్రలు. ఇందు తప్పెన్నవలసిన దేమియు లేదు. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడిననాటనుండియు దానికి తీరమే లేకపోయెను. అల జూడగోరువాడు జిల్లా సరిహద్దు దాటి పోవలసినవాడే.

2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ స్థితి మాఱినది. ఆనాడేర్పడిన తిరుపతి జిల్లాలో నెల్లూరు జిల్లానుండి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, వాకాడు మొదలగు ప్రాంతములు చేరుటచే, తిరుమలకొండయు, పులికాటు సరస్సును, బంగాళాఖాతపు తీరమును ఒక్క జిల్లా పటములో నిలిచినవి. నూటపదునొకండు సంవత్సరములకు కొండవారికి కడలి లభించినది. లభించిన కడలిని మనమెట్లు చూచుకొనుచున్నామన్నదియే యిపుడు విచారింపవలసిన విషయము.

అచటికి బోవు మార్గమును మనకు స్వర్ణముఖి యేనాడో చూపినది. ఆ నది చంద్రగిరి కొండలలో బుట్టి, తిరుపతి చెంత ప్రవహించి, శ్రీకాళహస్తి గుడి నొరసికొని, నాయుడుపేట మీదుగా సముద్రమున గలియుచున్నది. నేటి జాతీయ రహదారియు నించుమించుగా ఆ నది జాడనే పోవుచున్నది. రేణిగుంటనుండి నాయుడుపేటకు అరువది కిలోమీటర్లకు లోపే. అచట చెన్నపట్టణము నుండి కలకత్తాకు బోవు పెద్దబాటను గలిసి దక్షిణముగా దిరిగినచో దొరవారిసత్రము, సూళ్లూరుపేట, తడ వరుసగా వచ్చును. ఉదయమున బయలుదేఱిన కుటుంబము సాయంకాలమునకు సుఖముగా ఇల్లు చేరవచ్చును.

ఈ తీరము చంద్రగిరికి క్రొత్త చుట్టమును గాదు. వాకాడు చెంతనున్న దుగరాజపట్నమున 1626 ప్రాంతమున ఆంగ్ల వర్తకులు గిడ్డంగి కట్టి దానిని కోటవలె బలపఱచుకొనిరి. వారి పుస్తకములలో దాని పేరు ఆర్మగాన్. అచటి యధికారియగు ఫ్రాన్సిస్ డే యనునాతడే 1639లో చంద్రగిరి రాజుల యేలుబడికి లోబడిన దామెర్ల నాయకునివలన చెన్నపట్టణపు నేలను సంపాదించెను. అనగా మనము సముద్రము చూడబోవు ఆ మహానగరము, ఒకవంక చంద్రగిరి యేలుబడినుండియు, ఒకవంక దుగరాజపట్నపు గిడ్డంగినుండియు బుట్టినది. బిడ్డను జూడ నేటేట బోవు మనము తల్లి యింటి త్రోవను మఱచితిమి.

ఇక చూడదగినవానిని గూర్చి. ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత మన దేశమున రెండవది పులికాటు. సముద్రమునకును దానికిని నడుమ శ్రీహరికోట దీవి యడ్డుగోడవలె నిలిచియున్నది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగనే బాట కలదు. శీతకాలమున ఆ బాటపై నిలిచినచో ఇరువైపుల లోతులేని నీటిలో ఫ్లెమింగోలనబడు గులాబి వన్నె కొంగలు బారులుదీరి మేయుచుండుట కన్నులపండువుగా నుండును. దొరవారిసత్రము దగ్గఱి నేలపట్టు చెఱువులో గూడబాతులు చెట్లపై గూళ్లు గట్టి పిల్లలను బెంచుకొనును. 1976లో ప్రభుత్వము దానిని పక్షుల రక్షితస్థలముగా బ్రకటించినది. అయినను ఆ పక్షులను తమ యూరి సంపదగా నెంచి కాచుకొని వచ్చినవారు ఆ చుట్టుప్రక్కల గ్రామస్థులే.

శ్రీహరికోటను గూర్చి విశేషించి చెప్పనక్కఱలేదు. 1980 జూలై 18వ తేదీన భారతదేశము స్వశక్తిచే నొక యుపగ్రహమును కక్ష్యలో నిలిపినదియు, 2023 జూలై 14వ తేదీన చంద్రయానము మూడవ పర్యాయము బయలుదేఱినదియు ఈ దీవినుండియే. ప్రయోగమునకు ముందు శాస్త్రజ్ఞులు రాకెట్టు నమూనాను తిరుమలకు దెచ్చి స్వామి పాదములకడ నుంచు ఆచారము కలదు. కొండను కడలితో జిల్లా పటము గలుపుటకు ముందే వారు కలిపిరి.

ఇంత సౌభాగ్యము నడుమ నొక యపాయము కలదు. సరస్సు బ్రదుకు దాని ముఖద్వారములపై నాధారపడియున్నది. పోటునీరు వచ్చుచు బోవుచున్ననే ఉప్పును తీపియు సరిగా గలసి చేపలు, రొయ్యలు పెరుగును. వాకాడు వైపునున్న రాయదొరువు ముఖద్వారము ఇసుకతో పూడుచు వచ్చినది. నడుమనున్న బాట నీటి రాకపోకలకు కొంత యడ్డగుచున్నది. వేసవిలో సరస్సు ఉత్తరభాగము చాలవఱకెండి బీటలు వాఱును. ఆ దినములలో పడవలు గట్టుపై నుండును. జాలరుల కుటుంబములు పనికై పరస్థలములకు బోవును. పక్షులకును మేత కొఱవడును. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము దుగరాజపట్నమున నొక మహారేవును గట్టుదునని మాటయిచ్చి, 2018 నాటికి తొలిదశ పూర్తిగావలెనని గడువు పెట్టినది. గడువు గడచినది గాని రేవు రాలేదు. పెద్ద వాగ్దానముల మాట యటుండ, ఇసుక తీయు చిన్నపనియైన వెనుకబడరాదు.

మన ప్రాంతపు రైతులకు దీనిని విడమఱచి చెప్పనేల? వాగునుండి చెఱువునకు నీరు దెచ్చు కాలువ పూడినచో ఆయకట్టు బీడగునని వారెఱుగుదురు. ముఖద్వారము పూడినచో వల యెండును. రెంటికిని భేదము లేదు. అయితే చెఱువు పూడిక తీయుమని కలెక్టరు కచ్చేరికి బోవుటకు ఆయకట్టుదారులు గలరు. సరస్సు కొఱకు జాలరి యొంటరిగా బోవుచున్నాడు. అతని గొంతునకు తిరుపతి, శ్రీకాళహస్తి పురవాసుల గొంతు తోడైనచో ఆ మనవికి బలము హెచ్చును. చూడని దానికై యెవడును మొఱపెట్టడు గావున, మొదట మనము చూడవలెను.

పోవువారు కార్తీకము మొదలు మాఘము లోపల బోవుట మేలు. సరస్సు గట్టున బండి కూతలతో పక్షులను బెదరింపకుడు. తడ చెంత భీమునివారిపాళెములో పడవ యెక్కుడు. అచటివారి చేతికి నాలుగు రూపాయలు ముట్టనిండు. తూపిలిపాళెపు తీరమున స్నానమునకు దిగుటకు ముందు ఊరి జాలరి నడిగి దిగుడు. అలల లోగుట్టు అతడెఱిగినట్లు మఱియొకడెఱుగడు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి యింటికే తీసికొనిపొండు. కొండపై మనము పాటించు శుచి కడలియొద్దకు వచ్చుసరికి సడలిపోనేల?

తీరము తిరుపతిదని ప్రభుత్వము కాగితముపై వ్రాసినది. అది మనదగుట మాత్రము ప్రభుత్వము వ్రాసి యీయగలది గాదు. రాయదొరువున పోటునీరు మరల తడవులేక పాఱి, వేసవిలో సైతము జాలరి పడవ నీటిపై నున్ననాడు తిరుపతికి నిజముగా సముద్రము వచ్చినదని చెప్పుకొనవచ్చును.