చూసుకునే మనిషిని ఎవరు ఎంచాలి?

పెళ్ళి సంబంధం అనుకుంటే పదిమందిని విచారిస్తాం. మంచం పట్టిన అవ్వకు స్నానం చేయించే మనిషిని పెట్టుకునేటప్పుడు మాత్రం అవ్వను ఒక్కమాట అడగం. జీతమెంత, ఎన్నింటికి వస్తావు అని మనమే మాట్లాడి ఖాయం చేస్తాం. ఒళ్ళు అవ్వది, ఎంపిక మనది!

ప్రభుత్వాల తీరూ చాలాకాలం ఇలాగే ఉండేది. ఇంగ్లండులో 2003లో సోషల్ వర్క్ డిగ్రీ మొదలైనప్పుడు, ఆ చదువుకు విద్యార్థులను ఎంచడంలో సేవలు పొందేవారికీ, వారిని ఇంట్లో చూసుకునేవారికీ పాత్ర ఉండాలని నియమం పెట్టారు. మన దేశంలోనూ ఇటువంటి ఆలోచన కాగితం మీద లేకపోలేదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు, వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త అన్నారు. ఆమె ఆ ఊరి స్త్రీయే కావాలి. ఊళ్ళో మాట్లాడి కనీసం మూడు పేర్లు తేవాలి, అందులోంచి ఒకరిని గ్రామసభ ఎంచాలి.

ఆచరణలో చాలాచోట్ల నర్సమ్మ, పంచాయతీ పెద్దలు కలిసి పేరు ఖాయం చేశారు. గ్రామసభ సరిగ్గా జరిగినా, అక్కడికి ఎవరు రాగలరు? లేవలేని మనిషి రాలేదు. ఆ మనిషిని వదలలేని కూతురో కోడలో అసలే రాలేదు.

మన కంప్లి వైపు దీనికి భాష కూడా తోడవుతుంది. 1953లో బళ్ళారి ప్రాంతాన్ని విడదీసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు ఇచ్చి, మిగిలినది మైసూరులో కలిపారు. ఇళ్ళలో భాషలు మాత్రం గీత చూసి విడిపోలేదు. తుంగభద్ర నీళ్ళను నమ్ముకుని వచ్చిన రైతుల క్యాంపులలో తెలుగు తప్ప మరో భాష సరిగా రాని ముసలివాళ్ళు ఉన్నారు. తలపోటు వేరు, కాళ్ళ పీకు వేరు, పుండు సలుపు వేరు. వచ్చిన అమ్మాయి అన్నింటినీ ‘నోవు’ అని ఒక్క మాటలో రాసుకుంటే మందు కూడా ఒక్కటే అవుతుంది. కన్నడం ఇంటికి తెలుగు మాత్రమే వచ్చిన మనిషి వెళ్ళినా ఇదే తంటా. రెండూ వచ్చినవారు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు, అడిగితే దొరుకుతారు.

నిజానికి ఇటువంటి ప్రశ్నలు మార్కుల పట్టీలో ఉండవు. మగవాడు ఒళ్ళు తుడిస్తే నాకు ఇష్టమేనా? నా ఎదుటే నా సంగతి నా కొడుకుతో మాట్లాడుతుందా, నాతో మాట్లాడుతుందా? మా ఇంటి గుట్టు పక్కింట్లో చెబుతుందా? వీటిని వేయగలిగినది మంచం మీది మనిషే.

మానసిక వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ దారిలో ఒక మంచి పని చేసింది. సంరక్షకుడిని నియమించే జిల్లా కమిటీలో కలెక్టరుతోపాటు వికలాంగులొకరు కూర్చోవాలంది. అదే పద్ధతి పనిమనిషి ఎంపికలోకి వస్తే ఖర్చేమీ లేదు. గ్రామసభకు ముందురోజు ఎవరైనా ఇద్దరు, బయటికి రాలేనివారి గుమ్మాలకు వెళ్ళి, తలా ఒక ప్రశ్న రాసుకుని వస్తే చాలు. మరునాడు ఆ ముగ్గురు ఆడవాళ్ళనూ ఆ ప్రశ్నలే అడగవచ్చు.