పసుపు నీళ్ల నేలలో గుంత తవ్వాలంటే..

రాణిపేట: చిత్తూరు నుంచి వచ్చే దారిలోనే సిప్‌కాట్ పారిశ్రామికవాడ. తోళ్ల శుద్ధికి కావాల్సిన క్రోమియం రసాయనాలు చేసిన ఫ్యాక్టరీ ఒకటి అక్కడ 1990ల్లో మూతపడింది. లక్షన్నర టన్నులకు పైగా వ్యర్థం ఆవరణలోనే మిగిలింది. వానొస్తే అందులోంచి పసుపు నీళ్లు ఊరేవి. 2006లో బ్లాక్‌స్మిత్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో పది అతి కలుషిత ప్రాంతాల జాబితాలో రాణిపేటను చేర్చింది.

ఆ పసుపు హెక్సావలెంట్ క్రోమియానిది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే రకం. నీళ్లలో ఇట్టే కరిగి భూమిలోకి దిగుతుంది. ఎంత లోతుకు దిగింది, ఎటు పాకింది? మట్టి తీసి చూస్తేనే తెలుస్తుంది.

దానికి మన బోరు లారీ పనికిరాదు. గాలి ఒత్తిడికి దుమ్మంతా పైకి చిమ్ముతుంది, ఏ లోతు మట్టి ఏదో కలిసిపోతుంది. మెల్లగా తిరిగే ఆగర్ బర్మా వాడాలి. కరెంటు కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో ముందే చూసుకుని, మొదటి మీటరున్నర చేత్తోనే తవ్వడం మేలు.

శుభ్రమైన చోట మొదలుపెట్టి మురికి చోటుకు చివర్లో వెళ్లాలి. ప్రతి నమూనాకూ గ్లౌజులు మార్చాలి, పనిముట్లు సబ్బునీళ్లతో కడగాలి. పక్క గుంత మట్టి కాస్త అంటినా మంచి పొలం కూడా విషమని రిపోర్టు వస్తుంది! సీసాపై గుంత నంబరు, లోతు, తేదీ రాసి ఐసు పెట్టెలో పెట్టాలి. చేతులు మారినప్పుడల్లా సంతకం ఉండాలి. రేపు కోర్టుకెళ్తే అదే సాక్ష్యం.

అసలు భయం గుంతతోనే. పైన విషపు పొర, కింద బంకమన్ను, దాని కింద మంచినీళ్లు ఉన్నాయనుకోండి. బంకమన్నును పొడిచి వదిలేస్తే విషానికి మనమే దారి వేసినట్టు. పైపొర వరకు పైపు దించి, చుట్టూ సీలు చేశాకే ముందుకెళ్లాలి. పనయ్యాక బెంటొనైట్, సిమెంటు జావతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. తవ్విన మట్టిని గట్టున పోయకుండా మూత డ్రముల్లో ఉంచాలి.

మరి రాడ్డు పట్టే కూలీ? ముఖానికి చుట్టిన తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. ఇంజినీరుకిచ్చిన మాస్కూ బూట్లే అతనికీ ఇవ్వాలి. చేతులు కడగందే బీడీ, టీ ముట్టకూడదు. ఆ బట్టలతో ఇంటికెళ్తే పిల్లలకూ ముప్పే.

మీ పొలానికి సర్వేవాళ్లొస్తే దగ్గరుండి గుంత పూడ్పించండి. ఏ లోతులో ఎంతుందో కాగితం మీద రాసివ్వమనండి. తమిళంలో ఇచ్చినా పర్లేదు, చదివించుకోవచ్చు.